బర్రె ముట్టిన తవుడు

మద్దిలేటిరెడ్డి కారు దగ్గరికి పోయి మహానంది చేసిన మొట్టమొదటి పని వాసన చూడడం. వెనక తలుపు తెరిచి, తల లోపలికి దూర్చి, కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చాడు. తోలు సీటు వాసన వచ్చింది. ఎక్కడో వాడిన నిమ్మకాయ వాసన వచ్చింది. అంతే.

"ఏమప్పా మహానందీ! పోలీసు కుక్క పని గూడా నువ్వే చేస్తాండావా?"

తల బయటికి తీయకముందే ఆ గొంతు ఎవరిదో తెలిసిపోయింది. పదేళ్ల కిందట మహానంది హెడ్ కానిస్టేబులుగా ఉన్నప్పుడు, అతని కింద కానిస్టేబులుగా చేరి ఉదయం సాయంత్రం సెల్యూట్లు కొట్టినవాడు గోపన్న. ఇప్పుడు గోపన్న సబ్ ఇన్‌స్పెక్టరు. మహానంది పోలీసు ఉద్యోగం వదిలేసి, ఇంటి ముందు డిటెక్టివ్ బోర్డు కట్టుకుని కూర్చున్నాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ మరిచిపోలేదు.

"కుక్కయితే మీరు చెప్పినచోట మొరుగుతాది సార్. నేను మొరగను," అన్నాడు మహానంది నిదానంగా.

గోపన్న మీసం మీదికి చెయ్యి పోయింది. "టైం సూస్కో. పది. రెండు గంటలకు లేవిని మేజిస్ట్రేటు ముందర నిలబెడతాండా. ఆ మీదట నువ్వు ఎంత వాసన సూసినా ఒకటే."

లేవి మద్దిలేటిరెడ్డి కారు డ్రైవరు. పంచనామా కోసం జీపులో తెచ్చి, రెడ్డి ఇంటి ముందరే కూర్చోబెట్టారు. చేతులకు బేడీలు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. ప్రహరీ పక్కన అతని భార్య కృపమణి నిలబడి ఉంది. మిషన్ బళ్లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే మనిషి. నిన్న ఆదివారం ప్రార్థన కాగానే నేరుగా మహానంది ఇంటికి వచ్చింది. ఏడవలేదు. "నా మొగుడు దొంగ కాదన్నా. ఆయప్ప జైలుకు పోతే మల్ల ఎవరూ స్టీరింగు చేతికియ్యరు. మేం బతికేది దాని మీదే," అని ఒక్క మాట చెప్పి కూర్చుంది.

పోయిన వస్తువు బొమ్మ విమానం. బొమ్మ అంటే పిల్లలాడుకునేది కాదు. ఈ కొస నుంచి ఆ కొసకు ఆరడుగుల రెక్కలు, పిడికెడంత ఇంజను, పెట్రోలు పోస్తే నిజం విమానం మాదిరి రొద చేస్తూ తాటిచెట్టెత్తు లేచిపోతుంది. కృపమణి అన్న దావీదురాజు యుద్ధం రోజుల్లో విమానాల వర్క్‌షాపులో మెకానిక్కుగా చేసి వచ్చి, రెడ్డి ఇంట్లో షెడ్డు కింద మూడేళ్ల కిందట దాన్ని తయారు చేశాడు. కడప ఎగ్జిబిషన్‌లో ఎగరేయాలని రెక్కలు విప్పి పెట్టెలో పెట్టి, శుక్రవారం తెల్లవారి కారు వెనక క్యారియరుకు కట్టుకుని పోయారు. కడపలో పెట్టె తెరిస్తే విమానం లేదు.

మహానంది జీపు దగ్గరికి పోయాడు. "లేవీ, ఆ విమానాన్ని కార్లో ఎట్ల మోస్తారో మొదట్నుంచి చెప్పు. ఒక్కటి గూడా వదలద్దు."

"మల్లనా?" అన్నాడు గోపన్న. "నేను మూడుసార్లు చెప్పించినా."

"మీరు యాడ దొంగిలించినావని అడిగినారు. నేను ఎట్ల మోసినావని అడుగుతాండా."

లేవి పెదవి తడుపుకున్నాడు. "మా రెడ్డమ్మకు పెట్రోలు వాసనంటే పడదన్నా. మొదటి తూరి సీటు కింద పెట్టుకోనిపోతే ఓర్వకల్లు దాటకముందే మూడుసార్లు కారు ఆపించె. వాంతులు. అప్పుడు దావీదు బావ ఒక ఏర్పాటు చేసినాడు. ముందునాడే ఇంజనును ఆడిచ్చి, ట్యాంకులో సుక్క లేకుండా అదే ఆగిపోయేదాకా వదిలేస్తాం. ట్యాంకును తలకిందులు చేసి ఒక పూట ఎండలో పెడతాం. గొట్టాలకు జొన్న బెండు బిగిస్తాం. అది మెత్తగుండి నూనెను పీలుస్తాది. ఇంజనుకు మైనం గుడ్డ చుడతాం. పెట్టెలో కింద రెండు తవుడు దిండ్లు. ఏమన్నా కారినా తవుడు తాగుతాది."

"పెట్టెకు అడుగున తూట్లు ఎందుకు?"

"పెట్రోలు ఆవిరి బరువన్నా. పైకి లేయదు, కిందికి జారుతాది. మూతకు తూట్లు పెడితే లాభం లేదు. అడుగున పెడితే దోవలోనే రోడ్డు మీదికి దిగిపోతాది. పెట్రోలు మాత్రం ఎప్పుడూ తీసకపోము. కడపలోనే పోయించుకుంటాం."

"అంత చేసినా వాసన వచ్చేదా?"

"రొంత వచ్చేది. ఎండెక్కినాక. ఆ కట్టె మూడేళ్లుగా పెట్రోలు తాగింది గదా."

"శుక్రవారం పెట్టెను క్యారియరు మీదికి ఎత్తింది ఎవరు?"

"నేనే. ఒక్కన్నే."

"బరువు?"

లేవి గోపన్న వైపు చూశాడు. ఈ మాట చెప్పినందుకే అతను కేసులో మునిగాడు. చెప్పకపోతే బాగుండేదని ఆ చూపులో ఉంది. అయినా చెప్పాడు. "ఎప్పటి మాదిరే ఉండె. విమానం ఉండే బరువే. అబద్ధం యాల చెప్పాల?"

"విన్నావా?" గోపన్న చేతులు చరిచాడు. "కేసు అంతే! ఐదున్నరకు కర్నూల్లో బరువుండాది. పన్నెండున్నరకు కడపలో ఐదు వీసెలు తక్కువుండాది. నడుమ నంద్యాల్లో ఏడున్నర నుంచి ఎనిమిది పది దాకా రెడ్డిగారు చుట్టాలింట్లో కాఫీ తాగుతాండారు. నలభై నిమిషాలు కారు కాడ వీడొక్కడే. నువ్వేం డిటెక్టివువప్పా, ఈ లెక్క సిన్నపిల్లోడు చెప్తాడు."

"నంద్యాల్లో కారు కాడ ఎందుకున్నావు లేవీ? ఎప్పుడూ లోపలికి పోయి కాఫీ తాగుతావంట గదా?"

"వెనక టైరు పంచరన్నా. మారస్తా ఉండినా."

మహానంది తల ఊపి, ఇంట్లోకి నడిచాడు. వసారాలో మద్దిలేటిరెడ్డి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. తెల్లని లాల్చీ, ముక్కు మీద కోపం.

"రెడ్డిగారూ, పెట్టెలో విమానం పెట్టడం మీరు కండ్లారా చూసినారా?"

"దావీదు పెట్టినాడు. తాళమేసినాడు. తాళంచెవి నాకిచ్చినాడు. అది నా మొలతాడుకే ఉండాది. కడపలో తాళం తీసింది గూడా నేనే."

"నేనడిగింది అది కాదు. లోపల విమానం ఉండంగ చూసినారా?"

"చూడలేదు. మూత మూసినాక మల్ల తెరవద్దని ఇంట్లో కట్టడి. తెరిస్తే ఆ వాసనంతా ఇంట్లోకి వస్తాది. మా ఆడమనిషి రెండు పూటలు కూడు తినదు."

లోపలి గడప దగ్గర నుంచి రామలక్ష్మమ్మ అందుకుంది. "ఆ పాపం నామీద తోయొద్దండి. ఈ తూరి నాకే ఇబ్బందీ కాలేదు. ఎప్పుడూ ముక్కు కాడ నిమ్మకాయ పెట్టుకుంటా. ఈ తూరి గిల్లకుండానే సీటు మీద పడేసినా. దావీదు ఎంత బాగా కట్టినాడో, మడకశిర చుట్టాల బిడ్డ పెండ్లికి గూడా ఇట్లే పోవచ్చు అనుకున్యా."

"ఒక్కసారి గూడా వాసన రాలేదా అమ్మా? ఎండెక్కినాక?"

"లేదు. ఒక్క రవ్వంత గూడా."

"కట్టడం బాగుండాది, వాసన రాలేదు. దాంట్లో ఏముండాది?" అన్నాడు గోపన్న. "నీకు ముక్కు తప్ప వేరే సాక్షి లేదా?"

"దావీదురాజు యాడ?"

"వాని మీద పడతాండావా? పో, పడు. గురువారం సాయంత్రం ఆరుకు పెట్టె కట్టి, ఏడు గంటల బస్సుకు కడప పోయినాడు. మైదానం సదును చేయించాలని. బస్సు కండక్టరు సాక్షి. రాత్రి పండుకున్న సత్రం సాక్షి. శుక్రవారం పన్నెండున్నరకు కడపలో మూత తీసినప్పుడు పక్కనే నిలబడి తల బాదుకున్యాడు. తెల్లవారి ఐదున్నరకు పెట్టె బరువుందంటే, బస్సులో పోయినోడు ఎట్ల తీస్తాడు? శనివారం గుంతకల్లుకు పోతానని చెప్పి పోయినాడు."

కృపమణి మెల్లగా అన్నది. "నిన్న గుడికి రాలేదు. మా అన్న ఆదివారం ఎప్పుడూ తప్పడు. హార్మోనియం వాయించేది ఆయప్పే."

మహానంది ఆమె వైపు ఒకసారి చూసి, కారు వెనక్కి పోయాడు. లేవి కడపలోనే అరెస్టయ్యాడు గనక, రెడ్డే ఎట్లాగో కారు తోలుకుని వచ్చాడు. వచ్చినప్పటి నుంచి దాన్ని కడిగిన మనిషి లేడు. మహానంది మోకాళ్ల మీద కూర్చున్నాడు. కారు వెనక భాగమంతా ఎర్రదుమ్ము. క్యారియరు ఇనుప కమ్మీల కింద నంబరు పలక పైఅంచు మీద మాత్రం తెల్లగా ఒక గీత. వేలితో తీసి అరచేతిలో వేసుకున్నాడు. ఇసుక. మెరిసే ఇసుక. రోడ్డు దుమ్ము కాదు, ఏటి ఇసుక.

పెట్టె వసారా చివర ఉంది. తాళం దెబ్బ తినలేదు. మడత బందుల మరలు తిప్పిన గుర్తు లేదు. లోపల ఖాళీ. అడుగున వరసగా తొమ్మిది తూట్లు, ఎనిమిది పెన్సిలు లావు. మూలన ఉన్న తొమ్మిదోది మాత్రం బొటనవేలు పట్టేంత. దాని అంచు కట్టె కొత్తగా, తెల్లగా ఉంది.

"తవుడు దిండ్లు యాడ?"

ఎవరికీ తెలియదు. చివరికి పెరట్లో నుంచి పనిమనిషి సిద్దమ్మ కొంగు నడుముకు చుట్టుకుంటూ వచ్చింది. వచ్చేటప్పుడే దొంగ దొరికినట్టు ముఖం పెట్టింది.

"నన్నేమీ అనొద్దు సామీ. నేను తవుడు తీసింది నిజమే."

"ఎప్పుడూ ఏం చేస్తావు ఆ తవుడును?"

"గుంతలో పారేస్తా. దావీదు సారు పారేయమంటాడు. ఒక తూరి బర్రెకు పెడితే మూతి గూడా పెట్టలేదు. తొట్టినే తన్నేసె. పెట్రోలు కంపు దానికి గూడా పడదు."

"ఈ తూరి?"

సిద్దమ్మ రెడ్డి వైపు భయంగా చూసింది. "రెండేండ్ల నుంచి వాన లేదు. తవుడు దొరికేదే కష్టం. నాలుగు సేర్లు గుంతలో పోసేకి చెయ్యి రాలేదు సామీ. సూద్దామని రొంత పెట్టినా."

"తినిందా?"

"తినేదేంది! తొట్టి నాకి, ఇంకా పెట్టమని అరిసె. రెండు దిండ్లూ తినేసె."

మహానంది నిటారుగా నిలబడ్డాడు. గోపన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు మాత్రం పలుచబడింది.

"ఓహో! ఎస్సై మాట కొట్టేసేకి బర్రెను సాక్షి తెచ్చినావా? మేజిస్ట్రేటు ముందర నిలబెడతావా దాన్ని? ప్రమాణం ఎట్ల చేయిస్తావు?"

"ఏడు గంటలు పెట్రోలు తాగిన కట్టె కింద నలిగిన తవుడును బర్రె ముట్టదు సార్. ఇది ఈ ఇంట్లో అందరికీ తెల్సు. ఈ తూరి ముట్టింది. అంటే ఆ తవుడు మీద విమానం ఎప్పుడూ లేదు. నంద్యాల్లో పోలేదు. కర్నూల్లో ఎక్కనే లేదు."

"మరి బరువు? వాడు ఎత్తిన ఐదు వీసెలు? గాలా?"

"సిద్దమ్మా, తవుడు జల్లించి పెట్టినావా, ఊరికే పెట్టినావా?"

"జల్లించకుండా ఎవరన్నా పెడతారా సామీ? అదేం తవుడో! ఒక దిండు సగమే ఉండె. దాంట్లో అంతా ఇసక. గరగర. బర్రె పండ్లు అరిగిపోతాయని మూడుసార్లు జల్లించినా. ఆ ఇసక చెంబులు తోమేకి ఎత్తిపెట్టినా. దిండు గవుసెన్లు కంచె మీదుండాయి. ఇంకా ఉతకలేదు."

జీపులో లేవి తల ఎత్తాడు.

"తెచ్చియ్యి. ఇసకా, రెండు సేర్లు తవుడూ, ఆ గవుసెనూ," అన్నాడు మహానంది. "గోపన్న సారూ, మీ కానిస్టేబుళ్లను ఇద్దరిని ఒక పది నిమిషాలు అప్పియ్యండి."

"నా కానిస్టేబుళ్లు నీ కూలోళ్లు కాదు."

"నాకు వద్దులెండి. మీరే మొయ్యండి. ఇంకా మంచిది."

రెడ్డి కుర్చీలో నుంచే గసిరాడు. "ఇయ్యప్పా గోపన్నా! నాకు తెలియాల ఇది."

గోపన్న పళ్లు కొరుక్కుంటూ ఇద్దరికీ సైగ చేశాడు.

సిద్దమ్మ అన్నీ తెచ్చింది. తవుడూ ఇసుకా కలిపి పళ్లెంలో పోసింది. దిండు గవుసెనను పట్టుకోమని మహానంది కృపమణి చేతికిచ్చాడు. ఆమె మూతి తెరిచి పట్టుకుంది. నింపుతుంటే ఒక మూల నుంచి కారడం చూసి, అక్కడికి చెయ్యి పోనిచ్చింది. లోపలికి మడిచి ఉన్న గుడ్డ తొండం ఒకటి బయటికి వచ్చింది. జానెడు పొడవు, బొటనవేలి లావు. దాని అంచు చుట్టూ దగ్గర దగ్గరగా జోడు కుట్టు.

కృపమణి వేళ్లు ఆ కుట్టు మీద ఆగిపోయాయి.

మహానంది చూశాడు. చూసి, చూడనట్టు దిండు తీసుకుని పెట్టెలో పరిచాడు. తొండాన్ని మూల తూటులోకి దించాడు. సరిగ్గా పట్టింది. పెట్టెను నాలుగు ఇటుకల మీద నిలబెట్టించాడు. కింద సిద్దమ్మ చాట పెట్టింది.

అందరూ వంగి చూశారు. ఒక్క రేణువు కూడా రాలలేదు.

"అయిపోయిందా నీ ఇంద్రజాలం?" అన్నాడు గోపన్న.

"వట్టి ఇసకయితే పెట్టె ఎత్తంగానే కారిపోయేది. లేవి కనిపెట్టేవాడు. తవుడు కలిపితే ఒకదాన్నొకటి పట్టుకోని నిలబడతాది. రాత్రంతా షెడ్డులో ఉన్నా కారదు. ఇప్పుడు ఓర్వకల్లు రోడ్డులో కారు పోతాండాదనుకోండి. కుదపండి!"

కానిస్టేబుళ్లు చెరొక వైపు పట్టుకుని పెట్టెను కుదిపారు. సర్ర్‌మని సన్నగా ఇసుక దిగింది. ఆపితే ఆగింది. కుదిపితే మళ్లీ దిగింది. చాటలో చిన్న కుప్ప పడింది.

"ఐదు వీసెలు దోవ పొడుగునా రోడ్డు మీద పోసుకుంటా పోయినారు రెడ్డిగారూ. వాసన పోయేకి పెట్టిన తూట్లోనుంచే. దుమ్ములో ఎవరికి కనపడుతుంది? నంబరు పలక మీద మాత్రం రొంత నిలిచింది. లేవి ఎత్తింది ఇసక బరువు. ఆయప్ప చెప్పింది నిజం. విమానం గురువారం సాయంత్రమే షెడ్డులోనుంచి వేరే దారి పట్టింది. పెట్టె కట్టినోడు బస్సెక్కి, సాక్షులను వెనకేసుకోని కడపలో కూసున్యాడు."

"దావీదు!" రెడ్డి కుర్చీలో నుంచి లేచాడు. మెడ నరాలు ఉబ్బాయి. "మూడేండ్లు నా ఇంట్లో కూడు తిని..."

గోపన్న చాటలోని కుప్పను వంగి చూశాడు. అయినా పట్టు వదలలేదు. "మూల చిరిగిన గవుసెన. అంతే. ఎవరో కావాలని పెట్టినారనేకి రుజువేది?"

మహానంది కృపమణి వైపు చూశాడు. రుజువు తెలుసు. అది ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసు. కాని ఆ మాట తాను చెప్పేది కాదు. మొగుణ్ణి విడిపించమని వచ్చిన మనిషి ముందర అన్నను తెచ్చి నిలబెట్టాడు. ఇక్కడి నుంచి అడుగు ఆమెదే.

కృపమణి పెట్టె దగ్గరికి వచ్చింది.

"చిరగలేదు సార్. కుట్టింది. ఆ కుట్టు నాది."

"ఏమన్నావు?"

"బుధవారం మా అన్న ఈ గవుసెన తెచ్చె. మూలకొక తొండం కుట్టియ్యి చెల్లీ అనె. ఎందుకన్నా అంటే, నూనె వంపేకి అనె. నేను కుట్టిచ్చినా. మా బళ్లో పిల్లోళ్లకు నేర్పే జోడు కుట్టు. ఇట్ల దగ్గరగా ఈ ఊర్లో వేరే ఎవరూ కుట్టరు." ఆమె లేవి వైపు తిరిగింది. "నాకు తెలీదయ్యా. ఏసు మీద ఆన. నాకు తెలీదు."

లేవి ఒంటి కన్నుతో ఆమెను చూస్తూ ఉండిపోయాడు.

గోపన్న ముఖం మెల్లగా విచ్చుకుంది. పోయిన ప్రాణం తిరిగి వచ్చినవాడి మాదిరి నవ్వాడు.

"శభాష్ మహానందీ! నేను ఒక్కన్ని పట్టినా, నువ్వు ముగ్గుర్ని పట్టించినావు. పెండ్లాం కుట్టె, బావ కట్టె, మొగుడు తోలె. ఒకే ఇల్లు. కానిస్టేబుల్! ఈయమ్మ పేరు గూడా రాసుకో."

కానిస్టేబులు పెన్సిలు తీశాడు. కృపమణి వెనక్కి తగ్గలేదు. మహానంది చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి. ఒక్క మాటకు జవాబు చెప్పి రాసుకోండి. లేవి ఈ కుట్రలో ఉంటే, తెల్లవారి పెట్టె బరువుండె అని మీకు చెప్తాడా? తాను ఒక్కన్నే ఎత్తినానని చెప్తాడా? పెట్టె తేలిగ్గా ఉండె సార్, నాకు అప్పుడే అనుమానం వచ్చె అని ఒక్క మాట అంటే, ఆ పొద్దే బయటపడేవాడు. మీరు కన్ను వాచేదాకా కొట్టినా ఆ మాట అనలేదు. ఎందుకంటే వాని తలలో అది విమానమే. ఈ ఇసక పని నడవాలంటే, ఏమీ తెలియని మనిషి ఒకడు దాన్ని ఎత్తాల. కారు ఎప్పటి మాదిరి నంద్యాల్లో రోడ్డు మీద వదిలిపెట్టి ఉంటే నేరం ఊరి మీద పోయేది. పంచరు వచ్చి వీని నెత్తిన పడె. ఆయమ్మకు తెలిసుంటే ఆ కుట్టు నాది అని మీ ముందర నోరు తెరుస్తుందా?"

కానిస్టేబులు పెన్సిలు గాలిలోనే పెట్టుకుని ఎస్సై ముఖం చూశాడు.

"ఎందుకు చేసినాడు మీ అన్న?" అని అడిగాడు మహానంది మెల్లగా.

"రెక్క మీద తన పేరు రాసుకున్యాడన్నా. రెడ్డిగారు చెరిపించి మద్దిలేటి విమానం అని రాయించినారు. కడపకు బొంబాయి దొరలు వస్తాండారని, తయారు చేసింది తానేనని రెడ్డిగారు జాబు గూడా రాసినారు. దావీదు ఊరికే ఎగరేసే మనిషి అని. ఆ పొద్దు నుంచి మా అన్న సరిగ్గా కూడు తినలేదు." ఆమె లేవి వాచిన కంటి వైపు చూసింది. "కాని ఈయప్పను కొడతాంటే యాల వచ్చి చెప్పలేదో... అది నేను ఓర్చుకోలేను."

"ఇప్పుడు యాడుంటాడు?"

"గట్టు కొండ కింద బయలులోనే. ఎప్పుడూ ఎగరేసేది ఆడే. కాపలాదారు గుడిసె ఒకటుండాది. ఒక్క తూరైనా తన పేరుతో ఎగరేయకుండా ఎక్కడికీ పోడు. నాకు తెల్సు."

అప్పుడు ఇంటి ముందర కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అందరూ తిరిగి చూశారు. వసారాలో కుర్చీ ఖాళీ. కారు వెనక్కి వచ్చి, గేటు కమ్మిని రాసుకుంటూ వీధిలోకి తిరిగి, దుమ్ము లేపుకుంటూ పోయింది. లోపలి నుంచి రామలక్ష్మమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడుతున్నాయి.

"తుపాకి తీసకపోయినాడు! గట్టు కాడికంట. వాన్ని ఈ పొద్దు వదలను అన్యాడు. మీరేం చేస్తాండారు ఈడ, ఇసకతో ఆడుకుంటాండారా?"

గోపన్న జీపు వైపు ఉరికాడు. మహానంది అతని వెనకాలే. ఎస్సై స్టీరింగు వెనక కూర్చుని, తాళం పెట్టి, ఒక్క క్షణం ఆగాడు. "గట్టుకు యాడ నుంచి పోవాల? నంద్యాల రోడ్డా, డోన్ రోడ్డా?"

"రెండూ కాదు," అన్నాడు వెనక సీట్లో నుంచి లేవి. ఇసుక బయటపడ్డాక అతను మాట్లాడిన మొదటి మాట అది. "డోన్ రోడ్డు మీద పోతే రెడ్డి ముందరే ఉంటాడు, మనం దుమ్ము తింటా ఉంటాం. కాలవ కట్ట మీద పోవాల. కట్ట వెడల్పు జీపంతే. ఒక చక్రం జారితే అందరం నీళ్లలో. మూడేండ్లు ఆ విమానాన్ని వాసన రాకుండా, కుదుపు లేకుండా ఆ కట్ట మీదే మోసినా. మీరు తోలలేరు సార్."

గోపన్న వెనక్కి తిరిగి చూశాడు. మూడు రోజులుగా తాను దొంగ అంటూ వచ్చిన మనిషి. రెండు గంటలకు కోర్టులో నిలబెట్టాల్సిన మనిషి. ఆ వాచిన కన్ను తన లాకప్పులో వాచిందే.

"నువ్వు తోలుకోని పారిపోతే?"

"నా పెండ్లాన్ని పక్కన కూసోబెట్టుకోండి."

కృపమణి ఎవరూ చెప్పకముందే జీపెక్కింది. ఈ ఒక్క నిర్ణయం గోపన్నది. మహానంది తాను హెడ్‌గా ఉన్నప్పుడు ఆ కుర్రవాడికి ఎన్నో నేర్పాడు కాని, ఇట్లాంటిది నేర్పలేదు.

గోపన్న జేబులో నుంచి బేడీల తాళంచెవి తీశాడు. లేవి మణికట్లు పట్టుకుని రెండు బేడీల్లోనూ దాన్ని తిప్పాడు. బేడీలు జీపు అడుగున పడ్డాయి. తర్వాత తాను పక్కకు జరిగాడు.

లేవి స్టీరింగు వెనకకు వచ్చాడు. వాచిన చేతివేళ్లను రెండుసార్లు ముడిచి విప్పాడు. తన మీద నేరం పడుతుంటే మూడు రోజులు మౌనంగా ఉన్న మనిషి అక్కడ గుడిసెలో ఉన్నాడు. తుపాకి పట్టుకున్న మనిషి రోడ్డు మీద ఉన్నాడు. కృపమణి అతని ముఖంలోకి చూడలేక తల దించుకుంది.

"లేవీ," అన్నాడు మహానంది. "ఆలోచించుకో. మీ బావ నిన్ను..."

"ఆ సంగతి వానితో నేను మాట్లాడుకుంటానన్నా," అన్నాడు లేవి. గేరు వేశాడు. "మాట్లాడాలంటే వాడు బతికుండాల గదా. గట్టిగా పట్టుకోండి."